నీ వంతు సగం గ్రీన్ టీ

ఆదోని,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దలైన అన్నయ్యకు, తల్లిలాంటి వదినమ్మకు తమ్ముడు సుబ్బయ్య చేతులెత్తి మొక్కి రాసుకుంటున్నది.

నేనిక్కడ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయడం మనింటి ఆనవాయితీ. నాయన సరుకు కొనడానికి ఊరు దాటినప్పుడు కార్డు మీద అదే రాసేవాడు. ఈసారి మాత్రం నేను తలవడం లేదు అన్నయ్యా, అడుగుతున్నాను. నువ్వు క్షేమమేనా? మిద్దె మెట్ల మధ్యలో ఎందుకు కూర్చుండిపోయావు?

పద్మను కోప్పడొద్దు. "బావగారు ఎవరికీ చెప్పొద్దన్నారు" అంటూనే నాకు ఫోనులో అంతా చెప్పింది. నువ్వు మూట కూడా మోయలేదట, చేతిలో ఖాళీ సంచులేనట. సగం మెట్లెక్కి ఆగి, రొమ్ము రుద్దుకుంటూ కూర్చున్నావట. ఏమైందని వదినమ్మ పరుగెత్తుకొస్తే గ్యాస్ అన్నావట. గోళీసోడా తెప్పించుకుని తాగి, చెమట తుడుచుకుని, మళ్ళీ పోయి అంగట్లో కూర్చున్నావట.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వెంటనే ఫోన్ చేశాను కదా, ఏమన్నావు? "ఏం లేదురా, బెల్లం లోడు దిగతాండాది, మళ్ళ మాట్లాడ్తా" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే స్పీకర్లో పెట్టావు. నేను గుండె అనగానే అంగట్లో ఎవరో నవ్వారు, వాళ్ళతో పాటు నువ్వూ నవ్వావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితానికి స్పీకరు లేదు. విసుగొచ్చి పక్కన పడేసినా, మళ్ళీ తీసినప్పుడు ఆపిన చోటే ఉంటుంది.

నేను అడగబోయేది ఒక్కటే. డాక్టరుకు చూపించుకో. గుండె పరీక్షా, రక్తపరీక్షా రెండూ చేయించుకో. ఈలోపు మళ్ళీ ఆయాసం గానీ నొప్పి గానీ వస్తే ఈ ఉత్తరం కోసం చూడొద్దు, సోడా కోసం అసలే చూడొద్దు, ఉన్నపళంగా ఆసుపత్రికి పో. అసలు సంగతి ముందే చెప్పేశాను కాబట్టి మిగతావి నింపాదిగా రాస్తాను. నింపాదిగా అన్నానే గానీ ఈ నాలుగు ముక్కలు రాసేలోపే లేచి వాకిలి దాకా పోయి వచ్చాను.

ఇక్కడ రంగయ్య శెట్టిగారి మండీలో పని బాగానే ఉంది. గద్దె మీద కూర్చుని, సరుకు అమ్ముకోవడానికి వచ్చిన రైతులతో మాట్లాడటం, కాటా దగ్గర చూసుకోవడం, అంతే. కార్తీకం వచ్చినా మధ్యాహ్నం ఎండ మాత్రం తగ్గలేదు. నా గది పత్తి మిల్లు వెనక సందులో, మిద్దె మీద. కిటికీ తీస్తే దూది, మూస్తే ఉక్క. పొద్దున గది ఊడిస్తే చేటెడు దూది వస్తుంది. శ్రావణి పరీక్షలు అయ్యాక తల్లీకూతుళ్ళు ఇక్కడికి వస్తే పద్మ ఈ దూదిని చూసి ఏమంటుందో! వదినమ్మకు చెప్పు, దీపం ఒత్తులకు ఇక మీరు దూది కొనక్కర్లేదు.

మాట కూడా కొంచెం వేరు. మన దిక్కు శెనక్కాయలంటే ఇక్కడ బుడ్డలంటారు. డబ్బులను దుడ్లంటారు. మెస్సులో జొన్నరొట్టె పెడతారు, మెత్తగా బాగుంటుంది, కానీ మనింటి రాగి సంగటి తిన్నట్టు కడుపు నిండదు. పొద్దున సందు చివర ఉగ్గాని బండి నిలబడుతుంది. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జి పెట్టి ఇస్తాడు. ఇప్పుడు నేను ఉగ్గాని ఒక్కటే తింటాను. బండాయన నన్ను పక్కవాళ్ళకు చూపించి, "బజ్జి వద్దంటాడప్పా ఈయప్ప, రాయచోటాయన" అంటాడు. ఊరి పరువు తీస్తున్నట్టు చూస్తారు అందరూ.

పొద్దుగూకే వేళ బాగుండదు అన్నయ్యా. ఆ వేళకు నువ్వు షట్టరు సగం దించి, "కాటా తుడిచినావా రా" అని అడుగుతావు కదా. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. అయినా తుడుస్తాను. ఇంత పెద్ద ఊళ్ళో నన్ను ఒరే అని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు.

సరే, రక్తపరీక్ష సంగతికి వస్తాను. మార్కెట్ యార్డులో ఒకరోజు మండీ వాళ్ళందరికీ పరీక్షలు చేశారు. శెట్టిగారు చెయ్యి చాపితే నేనూ చాపాను. నాకు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. నేను నమ్మలేదు. డాక్టరమ్మతో వాదనకు దిగాను. "మేడమ్, మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. మాంసం వాసన వస్తే వీధి మారి పోతాం. మాకు కొవ్వెట్లా వస్తాది?" అన్నాను. ఆమె నవ్వి, "నెయ్యి?" అంది. రోజూ అన్నట్టు తల ఊపాను. "వేపుళ్ళు? బజ్జీలు? అప్పచ్చులు?" అంది. మళ్ళీ ఊపాను. "మీ నాన్నగారు ఎలా పోయారు?" అంది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

నువ్వు మరిచిపోయి ఉండవు. తక్కెడ ముందు కూర్చుని చింతపండు తూస్తూ, రొమ్ములో పట్టేసిందిరా, గ్యాస్ అన్నాడు నాయన. సోడా తెమ్మన్నాడు. తెచ్చింది నువ్వే. సగం తాగాడు. మిగిలిన సగం సీసాలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత అందరూ అదృష్టవంతుడు, అంగట్లోనే సునాయాసంగా పోయాడు అన్నారు. మనమూ అదే అనుకుంటూ వచ్చాం. కొవ్వంటే మాంసం తినేవాళ్ళ జబ్బు, మనకు వచ్చేది గ్యాసు మాత్రమే అనుకునే మనుషులం మనం. అది తండ్రి నుంచి కొడుకులకు రావచ్చని, శాకాహారమని చూసి వదలదని డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

ఆమె ఒక మాత్ర రాసింది. నడవమంది, నూనె తగ్గించమంది. నేను వ్యాపారస్తుణ్ణి కదా, తక్కువలో తెగే మార్గం అడగకుండా ఎందుకుంటాను? "గ్రీన్ టీ తాగితే తగ్గుతాదంటారు కదా మేడమ్?" అన్నాను. "కాస్త సాయం చేస్తే చేయొచ్చు. పాలూ చక్కెరా వేసిన టీ బదులు ఒకటి రెండు కప్పులు తాగండి, తప్పులేదు. కానీ అది మాత్రకు బదులు కాదు" అంది. ఇందులో నా చెవికెక్కింది సాయం చేస్తుందన్న ముక్క ఒక్కటే. మాత్రలు గూట్లో పెట్టాను, గ్రీన్ టీ పొట్లాలు జేబులో పెట్టాను.

ఇక చూసుకో. నాయన పోయిన వయసు నాకు దగ్గర పడుతోందన్న భయం ఒకపక్క, ఆ టీ మీద ఆశ మరోపక్క. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పట్టుకున్నాను. లేస్తూనే పరగడుపున ఒకటి. మండీకి పోయి ఒకటి. అన్నం తిన్నాక ఒకటి. ఎంత చిక్కగా ఉంటే అంత మందు అనుకుని ఒక గ్లాసులో రెండేసి పొట్లాలు. సాయంత్రం కూడా వదల్లేదు. రుచి అడగొద్దు, వేపాకు కడిగిన నీళ్ళు నయం. కడుపులో మంట పట్టుకుంది. చేతులు వణకడం మొదలైంది. నిద్ర కరువైంది. గుండె దడదడలాడుతుంటే నాయనకు వచ్చిందే నాకూ వచ్చిందనుకుని ఆ దడకు మళ్ళీ ఒక గ్రీన్ టీ తాగాను.

చివరికి డాక్టరమ్మ దగ్గరికే పోయాను. అంతా విని తల పట్టుకుంది. "టీ ఎక్కువైతే దడ, నిద్రలేమి రావా? ఖాళీ కడుపున అంత చిక్కగా తాగితే మంట రాదా? మాత్ర వేసుకుంటున్నారా?" అంది. నేల చూశాను. చిన్నప్పుడు బడిలో కూడా అన్ని తిట్లు తినలేదు. ఇప్పుడు మాత్ర తప్పకుండా వేసుకుంటున్నాను, నాపై బెంగ వద్దు. పొద్దున టిఫిను తిన్నాక ఒకటి, పగటి పూట ఇంకొకటి, పల్చగా, అంతే తాగుతున్నాను. యార్డు చుట్టూ నడుస్తున్నాను. దడ పోయింది. కానీ వచ్చేటప్పుడు ఆమె ఒక మాట అడిగింది. "మీ అన్నదమ్ముల్లో ఇంకెవరు పరీక్ష చేయించుకున్నారు?" అంది. అన్న ఉన్నాడు, చేయించుకోలేదు అన్నాను. "ఎందుకు?" అంది. ఆ ప్రశ్ననే నీకు పంపుతున్నాను, జవాబు నీ దగ్గర ఉంటే చెప్పు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది లేకపోతే చివర్లో నేను అడిగేది నీకు అర్థం కాదు. మన అంగట్లో ఎవరికైనా టీ ఇప్పిస్తే అది మర్యాద. ఇక్కడ మండీలో అది మాట. రైతు తన సరుకు ఏ మండీలో రాశి పోయాలన్నది టీ దగ్గరే తేలుతుంది. మాటలు అయ్యాక ఒకే టీ తెప్పించి రెండు గ్లాసుల్లో సగం సగం పోస్తారు. మండీ మనిషి ఒక సగం, రైతు ఒక సగం తాగుతారు. తాగితే కుదిరినట్టు. ఆ తర్వాత పక్క మండీ వాళ్ళు నెత్తిన పెట్టుకుంటామన్నా ఆ రైతు పోడు. గ్లాసు ముట్టకుండా లేస్తే కుదరనట్టు. దీనికి కాగితం లేదు, సంతకం లేదు.

ఇది నాకెవరూ చెప్పలేదు. నాగప్ప అని పత్తికొండ దిక్కు రైతు ఒకాయన, శెట్టిగారి తండ్రి కాలం నుంచి ఈ మండీకే బుడ్డలు తెచ్చే మనిషి. శెట్టిగారు ఊళ్ళో లేని రోజు వచ్చాడు. మాటలన్నీ బాగా అయ్యాయి. టీ కొట్టు మౌలాలి ఒక టీ, ఖాళీ గ్లాసు తెచ్చి మా మధ్య పెట్టి, సగం సగం పోశాడు. అప్పుడు నేను గ్రీన్ టీ పిచ్చి ముదిరి ఉన్నవాణ్ణి. "నాకొద్దప్పా, నువ్వే తాగు" అని నా గ్లాసు కూడా నాగప్ప ముందుకు జరిపి, ఫ్లాస్కు తీసి నా పచ్చనీళ్ళు పోసుకున్నాను.

నాగప్ప ముఖం మాడిపోయింది. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "సరేలేప్పా. మా టీ మీకు, మీ టీ మాకు పొసగదు" అని బండి మళ్ళించుకుని పోయాడు. నాకేమీ అర్థం కాలేదు. మౌలాలి నెత్తి కొట్టుకుని, "ఎంత పని చేస్తివి సేటూ! పీకి పారేసినట్లే కదా! నీ గ్లాసు తీసి ఆయప్ప ముందర పెడ్తివే, ఎవురన్నా అట్ల చేస్తారా?" అని అప్పుడు చెప్పాడు పద్ధతి. శెట్టిగారు వచ్చాక తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆయప్ప వస్తాడో రాడో సుబ్బయ్యా, నువ్వే చూసుకో" అన్నాడు, ఆ తర్వాత నాతో మాటలు తగ్గించాడు. ఇంటికి వచ్చేయాల్సి వస్తుందేమో అనుకున్నాను.

తర్వాతి సంతకు నాగప్ప యార్డులో కనబడ్డాడు. చెట్టు కింద బండి విప్పి ఎటూ తేల్చుకోక కూర్చున్నాడు. నేనే పోయి పక్కన కూర్చున్నాను. చిన్నతనం అనుకోలేదు. నాయన సంగతి చెప్పాను, సోడా సంగతి చెప్పాను, డాక్టరమ్మ తిట్లు కూడా చెప్పాను. అంతా విని, "ఆ మాట ఆ పొద్దే చెప్పుంటే అయిపోతుండె కదప్పా! నేను నీకు మావోళ్ళంటే చులకన అనుకుంటి" అన్నాడు. ఇంత దాకా వచ్చాక సగం గ్లాసు పాలటీకి ప్రాణం పోదని మౌలాలిని పిలవబోయాను. నాగప్ప చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. నీ ఫ్లాస్కులో ఉండాది కదా, అదే పోయి. సగం నువ్వు, సగం నేను."

పోశాను. ఒక్క గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. మీసాలు తుడుచుకున్నాడు. "ఏందప్పా ఇది, గడ్డి ఉడకబెట్టిన నీళ్ళు!" అన్నాడు. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు, అడుగు దాకా తాగాడు. "తియ్యటి టీ తాగి మాట తప్పినోళ్ళు శానామంది ఉండారు. ఇంత చేదు మింగినంక యాడికి పోతా? పా, బండి కట్టిస్తా" అని లేచాడు. ఆయన రాశి మన మండీలోనే పడింది. శెట్టిగారు మళ్ళీ మామూలుగా మాట్లాడుతున్నాడు. ఇప్పుడు యార్డులో నాకు గడ్డి టీ సేటు అని పేరు పడింది. పడనీ.

సంతోషంగా ఈ సంగతి నీకు చెబుదామని ఫోను తీసేసరికి పద్మ ఫోను వచ్చింది, మెట్ల మీద నువ్వు కూర్చున్న సంగతితో. అప్పుడే బస్సెక్కేవాణ్ణి. కానీ సీజను మధ్యలో కదలడానికి లేదు. రాత్రుళ్ళు పడుకుంటే నాయన సీసాలో మిగిలిపోయిన ఆ సగం సోడా కనబడుతోంది. నాయనప్పుడు మనకు తెలియదు, మనం చిన్నవాళ్ళం. ఇప్పుడు తెలిసి కూడా నువ్వు సోడా తాగుతున్నావు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అన్నయ్యా? నాకు భయంగా ఉంది. నాకంటే ఇంకొకరు నీకు చెప్పగలిగేవాళ్ళు ఉంటే వాళ్ళ కాళ్ళైనా పట్టుకునేవాణ్ణి.

ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్శిల్లో ఒక గ్రీన్ టీ డబ్బా పంపుతున్నాను. వదినమ్మా, ఇది నీకు. పాలు పోయొద్దు, చక్కెర వేయొద్దు, మన టీలాగా పొయ్యి మీద తెర్లబెట్టొద్దు. కాగిన నీళ్ళు దించి, పొట్లం కాసేపు ముంచి తీసెయ్. పరగడుపున వద్దు, సాయంత్రం వద్దు. ఇది మందు అనుకోవద్దు, నేను అనుకునే చెడ్డాను. డాక్టరు ఏదైనా మాత్ర రాస్తే దానితో కలిపి తాగొచ్చో లేదో ఆయన్నే అడగండి.

డబ్బా పక్కన మంత్రాలయం ప్రసాదం ఉంటుంది. పోయిన వారం పోయి మీ అందరి పేరునా అర్చన చేయించాను. నెయ్యి కారుతోంది. స్వామి ప్రసాదం వద్దనకూడదు కాబట్టి కళ్ళకద్దుకుని చిటికెడు వేసుకున్నాను. అన్నయ్యకూ చిటికెడే పెట్టు, మిగతాది పిల్లలకు. నాకు వచ్చేవాళ్ళతో రాగిపిండి, నా పాత నడక చెప్పులు పంపించండి. ఊరగాయ పంపొద్దు, నూనె తేలుతుంది. మరీ పంపాలనిపిస్తే చిన్న సీసా.

ఇక అన్నయ్యా, నీకూ నాకూ మధ్య బేరం. ఈ ఉత్తరం పూర్తి చేసే ముందు ఒక గ్లాసు గ్రీన్ టీ కలిపి సగం నేను తాగాను. నీ వంతు సగం డబ్బాలో ఉంది. వదినమ్మ కలిపి ఇస్తుంది, పద్మ సాక్షి. తాగావంటే మాట కుదిరినట్టే, గ్లాసు కింద పెట్టి అంగడికి పోకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలి. రేపు పొద్దునకు పార్శిల్ అందుతుంది, మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. అప్పటికి ఆసుపత్రి నుంచి వచ్చి అంగట్లో ఉంటే స్పీకర్లో పెట్టినా పర్వాలేదు, తాగావా లేదా అన్నది అంగడంతా వినాలి. చేదుగా ఉందని తిట్టుకో, నన్ను గడ్డి టీ సేటు అను, ఏమైనా అను. గ్లాసు మాత్రం పక్కకు జరపొద్దు. నాగప్పకు నేను కాకపోతే ఇంకో మండీ ఉండింది. నాకు ఇంకో అన్న లేడు.

పెద్దలందరికీ నా దండాలు, శ్రావణికి ముద్దులు, పద్మకు ధైర్యం చెప్పండి. మీ ఇద్దరి ఆశీర్వాదం ఎప్పుడూ నా మీద ఉండాలని, దానికి మీరిద్దరూ చల్లగా ఉండాలని కోరుకుంటూ,

నువ్వు ఒరే అని పిలిస్తే పలికే తమ్ముడు,
సుబ్బయ్య